పెద్దమనుషుల మాటకు పూచీ ఎవరు?

1

"తిననోడు ఎవడున్నడు? పనిజేసి తినేటోడు నయం." ఎన్నికలు దగ్గర పడ్డాయంటే మా జగదేవ్‌పూర్ హోటళ్ళ దగ్గర, బస్టాండులో ఈ మాట వినపడని రోజుండదు. చెప్పేవాడు నవ్వుతూ చెబుతాడు. వినేవాడు తలూపుతాడు. రాజకీయ చర్చ అక్కడితో ముగుస్తుంది. లోకానుభవం పండి రాలిన మాటలాగే ఉంటుంది. కాని విప్పి చూస్తే ఇందులో రెండు తీర్పులున్నాయి. రాజకీయాల్లో నిజాయితీ అసాధ్యమన్నది మొదటిది. అసాధ్యమైనదాన్ని అడగటం తెలివితక్కువ అన్నది రెండవది. ఈ రెండవ తీర్పు ఎవరికి అక్కరకొస్తుందో వేరే చెప్పాలా? అందరూ దొంగలే అని ఊరంతా ఒప్పుకున్నాక దొంగకు భయమెందుకు?

మొదటి తీర్పును నేనీ వ్యాసంలో పరీక్షించదలచాను. నాయకుడు నిజాయితీగా ఉండగలడా అన్నదాన్ని మనవాళ్ళు సాధారణంగా నీతిశాస్త్రం ప్రశ్నగా చర్చిస్తారు. మంచివాడో చెడ్డవాడో తేల్చి ఊరుకుంటారు. దాన్ని చరిత్ర ప్రశ్నగా అడగాలని నా ఉద్దేశం. నిజాయితీపరులు ఎప్పుడు ఉన్నారు? ఏ పరిస్థితుల్లో నిలబడ్డారు? ఎక్కడ ఓడిపోయారు?

మన జనానికి ఈ విషయంలో రెండు పరీక్షలున్నాయి. ఒకటి చెయ్యి: పరుల సొమ్ము ముట్టాడా లేదా? రెండవది మాట: అన్నదాని మీద నిలిచాడా లేదా? ఈ రెండూ అవసరమే. కాని వీటి వెనక మూడవ పరీక్ష ఒకటుంది. ఆ నాయకుణ్ణి లెక్క అడిగే హక్కు ఎవరి చేతిలో ఉంది? నా వాదమంతా ఈ మూడవదాని చుట్టూనే తిరుగుతుంది.

2

ముందు చెయ్యి సంగతి. చేతులు శుభ్రంగా ఉన్న నాయకులు మన చరిత్రలో లేరనడం అబద్ధం. టంగుటూరి ప్రకాశం మద్రాసులో బారిస్టరుగా సంపాదించినదంతా జాతీయోద్యమానికీ, 1921లో స్థాపించిన 'స్వరాజ్య' పత్రికకూ ధారపోశాడు. ఉమ్మడి మద్రాసు రాష్ట్రానికి, ఆ తరువాత ఆంధ్ర రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయిన మనిషి 1957 మే 20న చనిపోయేనాటికి పేదవాడు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

అయితే ఆ ప్రకాశమే మద్రాసు ప్రధానిగా ఉండగా 1947 జనవరిలో తెచ్చిన ఆర్డినెన్సును కమ్యూనిస్టు కార్యకర్తలు, కార్మికులు, రైతు కూలీలు చాలాకాలం మరచిపోలేదు. విచారణ లేకుండా మనుషుల్ని జైళ్ళలో పెట్టడానికి అది దారి తీసింది. 'ప్రకాశం ఆర్డినెన్సు' అన్న పేరుతోనే అది జనం నోట నిలిచింది. తన జేబులోకి ఒక్క కానీ వేసుకోని మనిషి సంతకంతో, కూలి పెంచమన్నవాడు జైలుకు పోయాడు. ఆ కూలివాడి వైపు నుంచి చూస్తే ముఖ్యమంత్రి చేతి శుభ్రతకు విలువెంత?

బూర్గుల రామకృష్ణారావు విషయమూ ఇలాంటిదే. 1952 మార్చిలో హైదరాబాదు రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యాడు. పేరున్న న్యాయవాది, బహుభాషా పండితుడు. ఆయన సొమ్ము చేసుకున్నాడని శత్రువులు కూడా అనలేదు. కాని ఆయన పాలనలోనే, అదే సంవత్సరం సెప్టెంబరు మొదటి వారంలో, ముల్కీ నిబంధనలను అమలు చేయమన్న విద్యార్థుల మీద హైదరాబాదు సిటీ కాలేజీ ప్రాంతంలో పోలీసులు కాల్పులు జరిపారు. యువకులు చనిపోయారు.

ఈ ఇద్దరినీ తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. చెయ్యి శుభ్రంగా ఉండటం చిన్న గుణమేమీ కాదు. ఈనాటి రాజకీయాలను చూస్తున్నవాళ్ళకు అది పురాణకథలా ఉంటుంది. కాని వ్యక్తి శీలం వ్యక్తి దగ్గరే ఆగిపోతుంది. చట్టం ఎవరి పక్షాన నిలబడుతుంది, తుపాకి ఎవరి వైపు తిరుగుతుంది అన్నదాన్ని ఆ శీలం ఒక్కటే నిర్ణయించదు. అధికారంలో కూర్చున్న వర్గాల అవసరం నిర్ణయిస్తుంది. దానికి ఎదురునిలిచే బలం కింద నుంచి రాకపోతే మంచివాడి సంతకమూ చెడ్డవాడి సంతకమూ ఒకే కాగితం మీద పడతాయి.

3

ఇక మాట సంగతి. దీనికి మన ప్రాంత చరిత్రలో ఉన్న ఉదాహరణ పేరులోనే అంతా ఉంది: పెద్దమనుషుల ఒప్పందం.

తెలంగాణ పల్లెలో పుట్టినవాడికి పెద్దమనుషులంటే ఎవరో చెప్పనక్కరలేదు. గట్టు తగాదా వచ్చినా, ఆలుమగల తగువు వచ్చినా, అన్నదమ్ముల పంపకం వచ్చినా వేపచెట్టు కింద కూర్చుని తీర్పు చెప్పేవాళ్ళు. ఆ పంచాయతీలో న్యాయమే జరిగేదని నేననను. దొర కనుసన్నల్లో నడిచిన తీర్పులెన్నో! మాదిగవాడు దూరంగా నిలబడాలి. ఆడదాని మాట మొగవాడి నోటనే రావాలి. అయినా అందులో ఒక తెలివి ఉంది. పంచాయతీ మొదలుకాకముందే ఇరుపక్షాలూ పెద్దమనుషుల దగ్గర ధరావతు పెట్టాలి. మాట తప్పినవాడి సొమ్ము పోతుంది. మనిషి మంచితనం మీద నమ్మకముంచి కూర్చోలేదు మన తాతలు. మాటకు పూచీ అడిగారు.

1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో జరిగిన పంచాయతీకి మాత్రం ఎవరూ ధరావతు పెట్టలేదు. ఆంధ్ర తరఫున బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు సంతకాలు చేశారు. తెలంగాణ తరఫున బూర్గుల రామకృష్ణారావు, కె.వి. రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు చేశారు. అంతకు ముందు సంవత్సరం రాష్ట్రాల పునర్విభజన సంఘం చెప్పింది వేరు. హైదరాబాదు రాష్ట్రాన్ని కొంతకాలం విడిగా ఉంచి, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తరువాత దాని శాసనసభ మూడింట రెండు వంతుల మెజారిటీతో ఒప్పుకుంటేనే కలపాలని సూచించింది. అంటే జనం ప్రతినిధుల్ని అడగమంది. ఢిల్లీలో ఎనిమిదిమంది అడిగించుకున్నారు, ఎనిమిదిమందే జవాబు చెప్పుకున్నారు.

ఒప్పందంలో మంచి మాటలే ఉన్నాయి. తెలంగాణ మిగులు ఆదాయాన్ని తెలంగాణలోనే ఖర్చు చేయాలి. ఇక్కడి ఉద్యోగాలకు పన్నెండేళ్ళ నివాసం ఉండాలి. వ్యవసాయ భూముల అమ్మకాల మీద ప్రాంతీయ మండలికి అదుపుండాలి. మంత్రివర్గం అరవై, నలభై పాళ్ళలో ఉండాలి. ముఖ్యమంత్రి ఒక ప్రాంతంవాడైతే ఉపముఖ్యమంత్రి రెండవ ప్రాంతంవాడు కావాలి.

1956 నవంబరు 1న రాష్ట్రం ఏర్పడింది. సంతకం చేసినవారిలో ఒకరైన నీలం సంజీవరెడ్డే ముఖ్యమంత్రి. ఆ తొలి మంత్రివర్గంలోనే ఉపముఖ్యమంత్రి లేడు! సిరా ఆరడానికి పట్టిన కాలం తొమ్మిది నెలలు కూడా కాదు. ప్రాంతీయ మండలి కాస్తా ప్రాంతీయ సంఘంగా కుదించుకుపోయింది. మిగులు నిధుల మీద లెక్కలు తేల్చడానికి చివరికి 1969లో సంఘాలు వేయవలసి వచ్చింది. ఉద్యోగాల రక్షణకు తెచ్చిన చట్టంలోని కీలకమైన భాగాన్ని 1969 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టివేసింది.

ఎందుకిలా జరిగింది? సంతకాలు చేసినవాళ్ళంతా మోసగాళ్ళా? అలా అనుకుంటే చరిత్ర చాలా తేలికైపోతుంది. వారిలో యోగ్యులున్నారు. సంజీవరెడ్డి తరువాతి కాలంలో రాష్ట్రపతి అయ్యాడు. అసలు లోపం ఒప్పందం పుట్టుకలో ఉంది. మాట తప్పితే ఎవరు అడగాలో, ఎక్కడ అడగాలో, తప్పినవాడు ఏం పోగొట్టుకోవాలో అందులో లేదు. పూచీ లేని మాటను నిలబెట్టుకోవటం నష్టమూ, తప్పటం లాభమూ అయినప్పుడు పెద్దమనిషి మెల్లగా మామూలు మనిషి అవుతాడు.

ఆ నష్టాన్ని మోసినవాళ్ళు ఢిల్లీకి పోయినవాళ్ళు కారు. 1969 జనవరి 24న మా పాత మెదక్ జిల్లాలోనే సదాశివపేటలో కాల్పులు జరిగాయి. ఆ ఉద్యమంలో చనిపోయినవాళ్ళు మూడువందలకు పైగా ఉంటారని జనం లెక్క. 1970లో సిద్దిపేట ఉపఎన్నికలో తెలంగాణ ప్రజాసమితి అభ్యర్థి అనంతుల మదన్‌మోహన్ గెలిచాడు. 1971 లోక్‌సభ ఎన్నికల్లో సమితి తెలంగాణలోని పద్నాలుగు సీట్లలో పది గెలుచుకుంది. అదే సంవత్సరం సెప్టెంబరులో సమితి కాంగ్రెసులో కలిసిపోయింది. దాన్ని నడిపిన చెన్నారెడ్డి 1956 నాటి ఎనిమిదిమందిలో ఒకడు. మొదటిసారి జనం పేరు మీద సంతకం చేసినప్పుడూ జనాన్ని అడగలేదు, రెండవసారి జనం ఓట్లను మూటగట్టి అప్పగించినప్పుడూ అడగలేదు. 1978లో ముఖ్యమంత్రి అయ్యాడు.

4

అయితే నిజాయితీ ఎక్కడా నిలవలేదా? నిలిచింది. దాన్ని చూడటానికి చాలా దూరం పోనక్కరలేదు. జగదేవ్‌పూర్ నుంచి తుర్కపల్లి మీదుగా పోతే భువనగిరి. 1944లో ఆంధ్ర మహాసభ పదకొండవ సభలు జరిగిన ఊరు. ఆ సభలకు అధ్యక్షత వహించిన రావి నారాయణరెడ్డి ఆ దగ్గరి బొల్లేపల్లిలో భూస్వామి కుటుంబంలో పుట్టినవాడు. తన వర్గానికి ఎదురు నిలిచి, తన భూమి పంచి, జైలుకు పోయి, 1952లో నల్లగొండ నుంచి పార్లమెంటుకు పోటీ చేస్తే నెహ్రూకన్నా ఎక్కువ ఓట్లు వచ్చాయి. జనానికి నిజాయితీ అక్కరలేదు, డబ్బే కావాలి అనేవాళ్ళు ఈ ఒక్క అంకె ముందు కాసేపు ఆగాలి.

పుచ్చలపల్లి సుందరయ్య నెల్లూరు జిల్లా అలగానిపాడులో ఉన్న కుటుంబంలో పుట్టి తన వాటా ఆస్తిని ఉద్యమానికి ఇచ్చివేశాడు. సైకిలు మీద పార్లమెంటుకు పోయిన ప్రతిపక్ష నాయకుడు. తరిమెల నాగిరెడ్డి 1952లో జైలు నుంచే పోటీ చేసి అనంతపురంలో సంజీవరెడ్డిని ఓడించాడు. 1969లో, శాసనసభ ప్రజల సమస్యలు తీర్చదన్న నిర్ణయానికి వచ్చినప్పుడు, ఆ నమ్మకాన్ని దాచుకుని జీతం తీసుకుంటూ కూర్చోలేదు. సభలోనే ఆ మాట చెప్పి రాజీనామా ఇచ్చి బయటకు వచ్చాడు. ఆయన నిర్ణయం సరైనదా కాదా అన్నది వేరే చర్చ. నమ్మినదానికీ చేసినదానికీ మధ్య ఖాళీ లేదన్నది మాత్రం నిర్వివాదం. మన కాలానికి వస్తే, 1983 నుంచి 2004 దాకా ఇల్లందు నుంచి ఐదుసార్లు గెలిచిన గుమ్మడి నర్సయ్య ఇప్పటికీ సైకిలు, బస్సు దాటలేదు.

వీళ్ళను దేవుళ్ళను చేయడం మనకలవాటు. దేవుణ్ణి చేశాక మనకు పనేమీ ఉండదు, దండం పెట్టి ఇంటికి పోవచ్చు. కాబట్టి నేనడిగేది వేరు. వీరిని నిలబెట్టింది ఏమిటి? పుట్టుకతో వచ్చిన గుణమే అయితే ఆ గుణం వేరే పార్టీల్లో అన్నిసార్లు ఎందుకు ఓడిపోయింది?

నాకు కనిపించే జవాబు ఇది. వారి చుట్టూ ఒక కంచె ఉంది. శాసనసభ్యుడి జీతం పార్టీకి జమ అవుతుంది, పార్టీ ఇచ్చే కార్యకర్త వేతనంతో బతకాలి. ఇది కమ్యూనిస్టు పార్టీల్లో నియమం, దయ కాదు. తప్పు చేస్తే సంజాయిషీ అడిగే కమిటీ ఉంటుంది. ఆ కమిటీ కింద ఊళ్ళో సంఘం ఉంటుంది. సాయుధ పోరాట కాలంలో దాదాపు మూడువేల గ్రామాల్లో పది లక్షల ఎకరాలు పంచిన గ్రామ కమిటీలు ఎవరికి ఎంత భూమి ఇచ్చిందీ ఊరి ముందే తేల్చాయి. చుట్టూ వందల కళ్ళున్నచోట నాయకుడు తినాలన్నా చాటు దొరకదు.

ఈ కంచెకూ లోపాలున్నాయి, దాచకూడదు. కమిటీ జనంకన్నా పైదైపోయినప్పుడు లెక్క కమిటీకే చేరి జనానికి చేరదు. 1951 అక్టోబరులో పోరాట విరమణ నిర్ణయం పైనుంచి వచ్చింది. భూమి దున్నుకుంటున్నవాళ్ళలో ఎందరో ఆ భూముల్ని మళ్ళీ దొరలకు పోగొట్టుకున్నారు. విశాలాంధ్ర విషయంలో సుందరయ్య పట్టుదలను తెలంగాణలో చాలామంది ఇప్పటికీ తప్పుపడతారు. ఆయన నిజాయితీ ఆయన్ను పొరపాట్ల నుంచి కాపాడలేదు. అయితే ఒక తేడా ఉంది. ఆయన తన వాదాన్ని పుస్తకాలుగా రాసి బల్ల మీద పెట్టాడు. తెలంగాణ పోరాట చరిత్రను గుణపాఠాలతో సహా రాశాడు. 1970లలో పార్టీ పంథాతో పేచీ వచ్చినప్పుడు కారణాలు రాసి ప్రధాన కార్యదర్శి పదవి వదులుకున్నాడు. అలాంటి మనిషితో మనం వాదించగలం, పేజీ చూపించి తప్పని చెప్పగలం. మాట మార్చేవాడితో వాదించటానికి ఏం మిగులుతుంది?

5

వ్యక్తి గుణమే సర్వస్వం కాదనటానికి ఒకే మనిషి జీవితంలో రెండు ఘట్టాలు చూపిస్తాను. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా 1972లో భూసంస్కరణలకు పూనుకున్నాడు. ఆయన స్వయంగా భూస్వామి. తన వర్గం కోపాన్ని లెక్కచేయలేదు. 1973 జనవరిలో, జై ఆంధ్ర ఉద్యమం నడుమ, పదవి పోయింది. ఇరవై ఏళ్ళ తరువాత ఆయన ప్రధానమంత్రి. 1993 జూలైలో అవిశ్వాస తీర్మానం నుంచి ప్రభుత్వం గట్టెక్కింది. ఆ ఓటింగులో జార్ఖండ్ ముక్తి మోర్చా సభ్యులకు డబ్బు ముట్టిందన్న కేసులో 2000లో కింది కోర్టు ఆయనకు శిక్ష వేసింది. 2002లో ఢిల్లీ హైకోర్టు నిర్దోషి అని వదిలిపెట్టింది. ఆయన దోషా నిర్దోషా అన్నది కోర్టు తేల్చింది, దాన్ని తిరగదోడను. నాకు ముఖ్యమైంది ఆ కేసులోనే 1998లో సుప్రీంకోర్టు చెప్పిన మాట. లంచం పుచ్చుకుని సభలో ఓటేసిన సభ్యుణ్ణి, ఆ ఓటు వేసినందువల్లనే, విచారించటానికి వీలులేదంది. ఈ తీర్పును ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2024 మార్చి 4న తోసిపుచ్చింది. ఇరవై ఆరేళ్ళు ఈ దేశంలో చట్టసభ సభ్యుడి ఓటు అమ్మకానికి చట్టమే గొడుగు పట్టింది. గొడుగు పట్టినవాడి కింద ఎవరు తడుస్తారు?

ఇదే కాలంలో ఎన్నికల స్వభావం మారింది. గుత్తేదారు ఒకప్పుడు నాయకుడి వెనక నడిచేవాడు, తరువాత పక్కన నడిచాడు, ఇప్పుడు తానే టిక్కెట్టు తెచ్చుకుంటున్నాడు. శాసనసభ అభ్యర్థి ఖర్చు పరిమితి 2022 నుంచి 40 లక్షలు. ఆ అంకెను నమ్మే మనిషి ఏ ఊళ్ళోనూ దొరకడు. అంటే ప్రజాప్రతినిధి కావటానికి మొదటి మెట్టే అబద్ధపు లెక్క మీద సంతకం! అప్పు తెచ్చి పెట్టినవాడు అసలు రాబట్టుకోక మానడు. అలా పెట్టలేనివాడు, ఎంత యోగ్యుడైనా, గడప దగ్గరే ఆగిపోతాడు. పెద్ద ఖర్చుల సంగతి ఎన్నికల బాండ్ల దగ్గర బయటపడింది. ఎవరు ఎవరికి ఎంత ఇచ్చారో తెలియకుండా ఉంచిన ఆ పథకాన్ని 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టివేస్తే, భారీగా అందుకున్నవారి జాబితాలో మన రెండు తెలుగు రాష్ట్రాల పార్టీలూ కనిపించాయి.

గెలిచాక పార్టీ మారటం మరో అధ్యాయం. ఫిరాయింపుల చట్టం 1985లోనే వచ్చింది. 2019 జూన్‌లో తెలంగాణలో కాంగ్రెసు శాసనసభ్యులు పన్నెండుమంది అధికార పార్టీలో విలీనమయ్యారు. 2024లో గాలి మారగానే ఆ పార్టీ సభ్యులు పదిమంది కాంగ్రెసు వైపు నడిచారు. ఒకరు చేస్తే ద్రోహం, ఇంకొకరు చేస్తే అభివృద్ధి. ఓటు వేసినవాడిని మాత్రం ఎవరూ అడగలేదు.

6

మళ్ళీ మా జగదేవ్‌పూర్‌కు వద్దాం. గజ్వేల్ నియోజకవర్గం 2009 ఎన్నికల ముందు దాకా షెడ్యూల్డు కులాలకు కేటాయించిన స్థానం. తెలంగాణ వస్తే తొలి ముఖ్యమంత్రి దళితుడే అవుతాడని ఉద్యమకాలంలో జనం విన్నారు. 2014లో తొలి ముఖ్యమంత్రి అయినది ఆ మాట ఇచ్చిన కె. చంద్రశేఖరరావుగారే, అదీ జనరల్ స్థానంగా మారిన ఈ గజ్వేల్ నుంచే. ఆయన వ్యవసాయ క్షేత్రం ఉన్న ఎర్రవల్లి అప్పటికి జగదేవ్‌పూర్ మండలంలోనే ఉండేది. 2016 జిల్లాల విభజనలో మర్కూక్ మండలానికి పోయింది. రోడ్లు పడ్డాయి, ఇళ్ళు కట్టారు, 2020 మే నెలలో కొండపోచమ్మ సాగర్‌లోకి గోదావరి నీళ్ళు ఎక్కాయి. ఇవన్నీ నిజాలే. కాదంటే అది మన నిజాయితీకి మచ్చ.

కాని ఆ జలాశయం కింద బైలంపూర్, మామిడ్యాల, తానేదార్‌పల్లి మునిగాయి. మల్లన్నసాగర్ కింద మరిన్ని ఊళ్ళు మునిగాయి. ఆ ఊళ్ళవాళ్ళకు 2013 భూసేకరణ చట్టం ఒక ఆయుధమిచ్చింది. సామాజిక ప్రభావం అంచనా వేయాలి, గ్రామసభలో వినిపించాలి, కూలివాడికి కూడా పునరావాసం చూపాలి అన్నది. ప్రభుత్వం 2015 జూలై 30న 123వ నంబరు జీవో తెచ్చి, భూమిని నేరుగా కొనే పద్ధతిలో ఆ చట్టాన్ని చుట్టుదాటింది. 2016 ఆగస్టు 3న హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం ఆ జీవోను కొట్టివేసింది. తరువాత అప్పీళ్ళు వచ్చాయి, చట్టానికి రాష్ట్రం సవరణ వచ్చింది, పని నడిచిపోయింది.

ఇక్కడ ఎవరు ఎంత తిన్నారన్న ప్రశ్న కన్నా పెద్ద ప్రశ్న ఉందని నా అభిప్రాయం. రైతు చేతిలో లెక్క అడగటానికి ఒక కాగితం ఉండేది. ఆ కాగితాన్ని పక్కకు తప్పించారు. ఒక్క రూపాయి ముట్టకుండా ఈ పని చేసినా అది నిజాయితీ కాదు. ప్రభుత్వం మారిన తరువాత 2024 నవంబరులో వికారాబాద్ జిల్లా లగచర్లలో భూసేకరణ మీద జనం తిరగబడ్డారంటే, జబ్బు ఒక పార్టీది కాదని తెలుస్తూనే ఉంది.

మాటకు పూచీ కావాలన్న జనం కోరికను నాయకులు గమనించకపోలేదు. 2019లో నిజామాబాద్‌లో ఒక అభ్యర్థి పసుపు బోర్డు తెస్తానని బాండు పేపరు మీద రాసిచ్చి గెలిచారు. బోర్డు 2025 జనవరిలో ప్రారంభమైంది. 2023 ఎన్నికల్లో కాంగ్రెసు ఇంటింటికీ గ్యారంటీ కార్డులు పంచింది. వంద రోజుల్లో ఆరు గ్యారంటీలన్నది. వంద రోజులు దాటినా కొన్ని గ్యారంటీలు కార్డు మీదే ఉండిపోయాయి. స్టాంపు కాగితం ఉంది, కార్డు ఉంది. లేనిది ధరావతు. మాట తప్పినవాడు పోగొట్టుకునేది ఏదీ లేదు.

ఈ ధరావతు పల్లెలో ఒకచోట కనిపించింది, అదీ అట్టడుగున. ఉపాధి హామీ పనుల మీద ఉమ్మడి రాష్ట్రంలో 2006 నుంచి సామాజిక తనిఖీలు మొదలయ్యాయి. చదువుకున్న పల్లె పిల్లలు ఇంటింటికీ తిరిగి మస్టర్లు సరిచూశారు. మండల కేంద్రంలో ప్రజావేదిక పెట్టి, ఎవరి పేరు మీద ఎన్ని రోజుల కూలి రాశారో అందరి ముందూ చదివారు. తప్పు తేలితే సొమ్ము కక్కించారు, ఉద్యోగాలు తీశారు. దేశమంతా దీన్ని ఆదర్శంగా చూసింది. అక్కడ నిలబడినవాడు ఎవరు? ఫీల్డ్ అసిస్టెంటు. కొన్ని వందల రూపాయలకు, వేలకు, తన ఊరివాళ్ళ ముందు తలవంచుకుని జవాబు చెప్పాడు. వేల కోట్ల కాలువలకు, జలాశయాలకు బిల్లులు రాసినవారి మస్టరు ఏ ప్రజావేదిక మీదా చదవలేదు. కాళేశ్వరం మీద జస్టిస్ పి.సి. ఘోష్ కమిషన్ 2025 జూలై 31న నివేదిక ఇచ్చింది. బరాజులు కట్టి, 2023 అక్టోబరులో మేడిగడ్డ స్తంభాలు కుంగిన తరువాత, ప్రభుత్వం మారిన తరువాత! ఫీల్డ్ అసిస్టెంటుకు ఇంత వ్యవధి ఎవరిచ్చారు?

7

నా వాదం ఇక చెప్పవచ్చు. రాజకీయ నాయకుడు నిజాయితీగా ఉండగలడు. ఉన్నారు, పేర్లు చెప్పాను. కాని నిజాయితీ నాయకుడి సొంత ఆస్తి కాదు. అది అతనికీ జనానికీ మధ్య ఉండే సంబంధం. అడిగేవాడు బలంగా ఉన్నచోట మామూలు మనిషి కూడా నిజాయితీగా ఉంటాడు. అడిగేవాడు లేనిచోట పెద్దమనుషులు కూడా మాట తప్పారు. 1956 మనకు చెప్పేది ఇదే. ఇల్లందు చెప్పేదీ ఇదే.

అందుకని వీడు తింటాడా తినడా అన్న ప్రశ్నతో నాయకుణ్ణి కొలవడం మానాలని నేనంటాను. దానికి జవాబు మనకెప్పటికీ సరిగా తెలియదు. తెలుసుకోదగిన ప్రశ్న వేరే ఉంది. అడిగినవాడి చేతిలో ఉన్న కాగితాన్ని ఇతను గట్టిపరిచాడా, లాక్కున్నాడా? గ్రామసభ నిజంగా జరిగేలా చూశాడా, సంతకాలు ఇంటికి పంపించి తెప్పించాడా? 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టినవాడికి జవాబు ఇప్పించాడా, పోలీసును పంపించాడా? ఈ ప్రశ్నలకు జవాబులు హైదరాబాదులో వెతకనక్కరలేదు, మండలాఫీసులో దొరుకుతాయి.

"పనిజేసి తినేటోడు నయం" అనేవాళ్ళను నేను నిందించను. డెబ్బై ఏళ్ళుగా ఒక్కొక్క ఒప్పందం, ఒక్కొక్క విలీనం, ఒక్కొక్క కార్డు వాళ్ళకా మాట నేర్పింది. కాని అలా అనేవాడే తన ఊళ్ళో ఉపాధి పనికి దొంగ మస్టరు రాస్తే ప్రజావేదిక దగ్గర లేచి నిలబడి అడిగాడు. అడగటం అతనికి చేతకాక కాదు. వందల రూపాయల దగ్గర అడిగే వీలుంది, కోట్ల దగ్గర లేదు. కోట్ల దగ్గరకూ ఆ వేదికను తీసుకుపోవడమే మన ముందున్న పని. కాలువ తవ్విన బిల్లు, భూమి కొన్న ధర, పార్టీకి అందిన చందా, శాసనసభ్యుడు పార్టీ మారిన కారణం జగదేవ్‌పూర్ మండలాఫీసు ముందు షామియానా కింద పైకి చదివి వినిపించే రోజు రావాలి. అప్పుడు నాయకుల్లో నిజాయితీపరులెందరో లెక్కపెట్టడానికి చరిత్రకారుడి అవసరం ఉండదు.